పెడన నూలు, బూరుగు దూది

బందరులో ఊలు అల్లే మనిషి కనబడితే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఉప్పుగాలి, చెమట తప్ప చలి అన్నది పెద్దగా తెలియని ఊరు మాది. డిసెంబరులో కూడా ఫ్యాను ఆపకుండా పడుకుంటారు. అలాంటి ఊరి నుంచి రోజూ గుడివాడ పాసింజరు ఎక్కి, ఒళ్ళో ఊలు ఉండ పెట్టుకుని సూదులు ఆడించుకుంటూ కూర్చునే నన్ను ఎవరో ఒకరు కదిలించేవారు.

“ఎవరికండీ స్వెట్టరు? కాశ్మీరులో చుట్టాలున్నారా?”

“స్వెట్టరు కాదండీ, గుమ్మానికి తోరణం.”

“ఓహో,” అని వాళ్ళు కిటికీ వైపు తిరిగేవారు.

అల్లడం నాకు హైస్కూల్లో క్రాఫ్టు టీచరు నేర్పారు. మిగతా పిల్లలు పరీక్ష అయ్యాక వదిలేశారు. నాకు మాత్రం చేతులకు పట్టేసింది. గుడివాడలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరాక రానూపోనూ రైలు ప్రయాణం దానికి కలిసివచ్చింది. చిలకలపూడి దాటగానే సూదులు తీసేదాన్ని, నూజెళ్ళ వచ్చాక సంచిలో పెట్టేదాన్ని. తోరణాలు, టీవీ మీద కప్పే గుడ్డలు, కళ్ళజోడు సంచులు, పసిపిల్లల మేజోళ్ళు. చుట్టాల్లో ఎవరు కడుపుతో ఉన్నా ముందు నాకే తెలిసేది, టోపీ కావాలని అడుగుతారు కాబట్టి.

ఊలు కోసం వెతుక్కుంటూ వెళ్తేనే అక్క పరిచయమైంది. గుడివాడ మార్కెట్ వెనక సందులో ఆవిడకి చిన్న ఫ్యాన్సీ షాపు ఉండేది. జాకెట్ హుక్కులు, లేసులు, పూసలు, రబ్బరు బ్యాండ్లు, వెనకాల అరల నిండా ఊలు. నాకంటే పదేళ్ళు పెద్దది. ఎత్తరి, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతు కూడా అంతే. భర్త రైసు మిల్లులో పని చేసేవారు. పిల్లలు లేరు. ఆవిడ ఊలు అమ్మే మనిషి కాదు, దాచుకునే మనిషి. ఎవరైనా వచ్చి పార్శిలు కట్టుకోవడానికి ఊలు కావాలంటే, కళ్ళెదుట కనబడుతున్నా అయిపోయిందని చెప్పేసేది. వాళ్ళు వెళ్ళాక నాతో, “మూటలు కట్టుకోడానికి పురికొస లేదా ఊళ్ళో?” అనేది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నా చేతిలో సగం అల్లిన టోపీ చూసి లాక్కుంది. తిరగేసి, సాగదీసి చూసింది.

“ఇక్కడ కుట్టు జారింది, చూసుకోలేదా?”

“చూశానండీ. విప్పలేక వదిలేశాను.”

“అయితే కూర్చో. విప్పుదాం.”

అలా కూర్చున్నదాన్ని తర్వాత చాలా ఏళ్ళు లేవలేదు. సాయంత్రం రైలుకి ముందు కొంతసేపు, ఆదివారాలు ఇంట్లో పని తెమిలితే మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అక్కడే ఉండేదాన్ని. ఆదివారం రోడ్డు పక్కన పాత ఫారిన్ బట్టలు గుట్టలు పోసి అమ్ముతారు. మేమిద్దరం ఆ గుట్టల్లో చేతులు పెట్టి పాత స్వెట్టర్లు లాగేవాళ్ళం. అసలైన ఊలో కాదో తేల్చడానికి అక్క అంచు నుంచి ఒక పోగు పీకి అగ్గిపుల్లతో కాల్చేది. వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఆవిడ మొహం వెలిగిపోయేది. ప్లాస్టిక్ వాసన వస్తే విసిరికొట్టేది. బట్టలమ్మేవాడు తిట్టేవాడు. తెచ్చిన స్వెట్టరు విప్పి, లచ్చిలు చుట్టి, కుంకుడురసంలో ఉతికి, పెరట్లో ఆరేసేవాళ్ళం. ఎక్కడి గొర్రెదో, ఏ దేశం మనిషి తొడుక్కుందో తెలియని ఊలు గుడివాడ ఎండలో ఆరుతూ ఉండేది.

మా మూడో మనిషి కోడూరు వదిన. ఆవిడది దివిసీమలో సముద్రం పక్క ఊరు, చేపల వేటకెళ్ళే కుటుంబం. అంగన్‌వాడీలో టీచరు. వాళ్ళమ్మాయి గుడివాడ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఒక ఆదివారం కూతుర్ని చూడడానికి వచ్చి, అంగన్‌వాడీ పిల్లలకు బొమ్మలు చేయాలని ఊలు కొనడానికి షాపుకి వచ్చింది. చిన్నప్పటి నుంచి వలలు బాగుచేసిన చేతులు కావడంతో, చూపించిందల్లా ఒక పూటలో పట్టేసేది. నన్ను వదినా అని పిలవడం మొదలుపెడితే నేనూ వదినా అన్నాను. అక్కని మాత్రం “అక్కగారూ” అనేది.

ఇదీ మా లోకం. ముగ్గురు ఆడవాళ్ళు, మూడు ఊళ్ళు, ఎవరికీ పెద్దగా పనికిరాని అల్లికలు. ఇంకా చాలా కాలం ఇలాగే గడిచిపోతుందని అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం కొత్తగా వచ్చిన లచ్చిని ఉండ చుడుతున్నాం. నేను రెండు చేతులూ చాపి లచ్చి పట్టుకున్నాను, అక్క ఎదురుగా కూర్చుని చుడుతోంది. ఉండ సగమయ్యాక, తల ఎత్తకుండా అంది.

“ఎడం పక్క గడ్డ ఉందే నాకు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. “ఎక్కడ?”

అక్క చుట్టడం ఆపకుండా గడ్డంతో రొమ్ము వైపు చూపించింది.

“ఎప్పట్నుంచి?”

“దసరా ముందు నుంచి. అప్పుడు చిన్నదే. ఇప్పుడు చేతికి తగుల్తంది.”

“ఎవరికన్నా చెప్పావా?”

“నీకు చెప్తన్నాగా.”

“బావగారికి?”

“చెప్తే ఆయనేం చేస్తాడు? కంగారుపడతాడు.”

నా చేతులు కిందికి జారాయి. “చేతులు దించమాక, చిక్కు పడుద్ది,” అంది అక్క. ఆ లచ్చి అయిపోయేదాకా నేను అలాగే చేతులు చాపి కూర్చున్నాను. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి ఆవిడని విజయవాడ తీసుకెళ్ళాను. బావగారికి అక్కడి నుంచే ఫోన్ చేశాం.

డాక్టరు చూసి, “ఇంత ఆలస్యం ఎందుకు చేశారమ్మా?” అని ఒక్క మాట అన్నాడు. ఎడమ రొమ్ము పూర్తిగా తీసేశారు. తర్వాత కీమో మొదలైంది. షాపు తలుపులు మూతపడ్డాయి.

జుట్టు రాలడం మొదలయ్యాక నేను ఊలు టోపీ అల్లి తీసుకెళ్ళాను. అవి మండు వేసవి రోజులు. అక్క దాన్ని పెట్టుకుని కాసేపు ఓర్చుకుంది. నుదుటి మీద చెమట ధారగా కారింది. తీసి చూస్తే తలంతా ఎర్రగా కందిపోయి ఉంది.

“నీ ప్రేమకో దండం,” అంది. “నూలుతో అల్లకూడదా?”

గుడివాడలో, బందరులో ఏ షాపులోనూ నూలు ఉండలు లేవు. ఉన్నదంతా అక్రిలిక్ ఊలే. రోజూ రైల్లో పెడన స్టేషన్ దాటుతూ ఉంటానని, పెడనంటేనే మగ్గాలని నాకు వారం తర్వాత తట్టింది. ఒక సాయంత్రం అక్కడ దిగి నేతగాళ్ళ వీధిలోకి వెళ్ళాను. ఒక ఇంట్లో మగ్గం ఆగిపోయి ఉంది. ఇంటావిడ గూట్లోంచి నూలు చిలపలు, అంటే చుట్టి పెట్టిన లచ్చిలు, తీసి చూపించింది. అవి నేతకు వాడే నూలు, వెంట్రుకలా సన్నం. నాలుగు పోగులు కలిపితే గానీ నా సూదులకు నిలవవు. “చీర నేస్తారా?” అని అడిగింది. “టోపీ అల్లుతానండీ, తల మీద జుట్టు లేనావిడకి,” అన్నాను. ఆవిడ మరేమీ అడగకుండా మెత్తటి చిలపలు ఏరి ఇచ్చింది.

ఆ టోపీ అక్కకి సుఖంగా ఉంది. అయితే బాధ టోపీతో పోయేది కాదు.

అక్క ఇంట్లోంచి బయటకు రావడం మానేసింది. ఎప్పుడు వెళ్ళినా భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకుని ఉండేది. బావగారు తన మంచం వసారాలోకి మార్చుకున్నారు. ఆవిడకు గాలి ఆడాలని అలా చేశానని నాతో అన్నారు. చెడ్డ మనిషి కాదు. మందులు వేళకి ఇచ్చేవారు, వాంతి అయితే ఎత్తేవారు. ఆవిడ వైపు మాత్రం సూటిగా చూసేవారు కాదు. చూసినా మొహం వరకే. అది అక్కకి తెలుసు.

“నేను చీర మార్చుకుంటుంటే దగ్గుతా బయటికెళ్తాడే,” అంది ఒకసారి. “ముప్పై ఏళ్ళ కాపురం. పరాయి మనిషి గదిలో ఉన్నట్టు దగ్గుతాడు.”

ఆసుపత్రి వాళ్ళు జాకెట్ లోపల పెట్టుకునే సిలికాన్ రొమ్ము ఒకటి ఇచ్చారు. బరువు. మన ఎండలకి దాని కింద చెమట నిలిచి, ఆపరేషన్ చేసిన చోట చర్మం పాసిపోయింది. దాన్ని బీరువాలో పడేసి, చేతి రుమాళ్ళు మడతపెట్టి జాకెట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆడపడుచు బలవంతం మీద గుడ్లవల్లేరులో ఒక పెళ్ళికి అలాగే వెళ్ళింది. అక్షింతలు వేయడానికి వంగినప్పుడు రుమాళ్ళ ఉండ జారి పెళ్ళికూతురు ముందు పీట మీద పడింది. పక్కనున్న ఒకావిడ తీసి, “మీ కర్చీఫులు పడిపోయినియ్యండీ,” అని అందరి ముందూ చేతికిచ్చింది. ఇచ్చాక ఆవిడ చూపు అక్క జాకెట్ మీదికి వెళ్ళింది. ఆ పక్కనున్న వాళ్ళ చూపులు కూడా వెళ్ళాయి.

అక్క భోజనం చేయకుండా ఆటో ఎక్కి వచ్చేసింది. ఆ తర్వాత పెరటి గోడ దగ్గరికి కూడా వచ్చేది కాదు.

నేను ఫోన్‌లో అల్లికల వీడియోలు చూస్తూ ఉంటాను. ఎక్కడో విదేశంలో ఒకావిడ ఇలాంటి వాళ్ళ కోసం నూలుతో రొమ్ములు అల్లడం అందులో చూశాను. గుండ్రంగా మొదలుపెట్టి, వరుస వరుసకీ కుట్లు తగ్గించుకుంటూ పోయి, వెనక మెత్తటి మూత. నాకు ముందు సిగ్గు వేసింది. రైల్లో అందరి మధ్యా కూర్చుని దాన్ని అల్లాలంటే చేతులు ఆడలేదు. మొదటిది ఇంట్లోనే అల్లాను. మా ఆయన చూసి, “టీ కెటిల్ మీద కప్పేదా?” అన్నాడు. కాదని, ఏమిటో చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు. కాసేపాగి, “కొంచెం చిన్నదేమో. ఆవిడ భారీ మనిషి కదా,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

నిజమే, చిన్నది. విప్పి మళ్ళీ అల్లాను. తెల్ల నూలు జాకెట్లోంచి కనబడుతుందని టీ డికాక్షన్‌లో ఉడికించి అక్క ఒంటి చాయకు తెచ్చాను. లోపల బూరుగు దూది కూరాను. పరుపులు కుట్టే అతని దగ్గర అడిగి తెచ్చిన దూది. చేతిలోకి తీసుకుంటే పావురంలా తేలిగ్గా, మెత్తగా ఉంది.

ఆదివారం కోడూరు వదినతో కలిసి అక్క ఇంటికి వెళ్ళాం. బావగారు మమ్మల్ని చూసి చెప్పులేసుకుని బజారుకి వెళ్ళారు. సంచిలోంచి తీసి అక్క చేతిలో పెట్టాను. అక్క దాన్ని అలవాటు కొద్దీ తిరగేసి, సాగదీసి చూసింది.

“కుట్లు బాగా పడినియ్యి,” అంది. తర్వాత లేచి తలుపు గడియ వేసింది. తువ్వాలు తీసి, మా ఎదురుగా జాకెట్ హుక్కులు విప్పింది.

అప్పటిదాకా నేను ఆ చోటుని చూడలేదు. చంక నుంచి ఛాతీ మధ్య దాకా అడ్డంగా ఎర్రటి గీత. దాని చుట్టూ చర్మం లోపలికి ముడుచుకుపోయి, పక్కటెముకలు బయటకి కనబడుతున్నాయి. నేను గోడ వైపు తిరగబోతే వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. వదినే ముందుకు వెళ్ళి గీతకు చుట్టూరా చేత్తో నిమిరి చూసింది, దెబ్బ తగిలిన పిల్లని చూసినట్టు.

“నొప్పుందా అక్కగారూ?”

“నొప్పి లేదు. అసలేమీ తెలీదు. ముట్టుకున్నా తెలీదు.”

పెట్టి హుక్కులు వేశాం. చూడడానికి బాగానే ఉంది. చెయ్యి పైకెత్తమన్నాం. ఎత్తగానే అది కూడా భుజం దాకా ఎక్కి కూర్చుంది. అక్క అద్దంలో చూసుకుని, ఆపరేషన్ తర్వాత మొదటిసారి నవ్వింది. “ఒకటి కైకలూరులో, ఒకటి బందర్లో ఉన్నయ్యే,” అంది. ముగ్గురం కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

“బరువు కావాల,” అంది వదిన. “వల అడుగు నిలబడాలంటే అంచుకి గుళ్ళు కడతాం కదా, అట్టా.”

మరుసటి వారం వదిన గుడ్డలో మూట కట్టి కాల్చిన మట్టి గుళ్ళు తెచ్చింది. వేలి కొసంత ఉన్నాయి. “ఇప్పుడందరూ సీసం గుళ్ళే కడతన్నారు. ఇయ్యి మా నాయన కాలం నాటియ్యి, చూరులో పడున్నాయి,” అంది. వాటిని చిన్న సంచిలో వేసి కుట్టి, దూది మధ్యలో పెట్టాం. అక్క కుడి అరచేతిలో దాన్నీ, ఎడం అరచేత్తో తన కుడి రొమ్మునీ ఎత్తి చూసుకుంటూ, చాలదంటే కలిపాం, ఎక్కువైందంటే తీశాం. చివరికి తల ఊపింది.

ఆ తర్వాతి వారం షాపు తెరిచింది. ఊలు అరల మీద దుమ్ము తనే దులుపుకుంది. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఎవరితోనో, “అయిపోయిందండీ, లేదు,” అంటోంది, ఆ గొంతుతో.

అక్క జీవితంలో ఆ తర్వాత ఒక మంచి కాలం ఉందని చెప్పగలను. వానాకాలం నుంచి మరుసటి వేసవి దాకా. ఆ రోజుల్లోనే కోడూరు వెళ్ళాం, వదిన పిలిస్తే. బస్సులు మారి మారి, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా. వదిన పీతల కూర వండింది. సాయంత్రం హంసలదీవి దగ్గర సముద్రానికి తీసుకెళ్ళింది. అక్క మోకాళ్ళ లోతుకి దిగుతానని దిగి, అల వచ్చి నిలువునా తడిసిపోయింది. లోపలి నూలు, దూది నీళ్ళు పీల్చుకుని బరువెక్కి కిందికి లాగాయి. ఒడ్డుకొచ్చి, “నా ప్రాణానికి వలేశారు మీరిద్దరూ,” అని తిట్టింది. వదిన ఇంటి దండెం మీద, వలల పక్కన దాన్ని ఆరేస్తే మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆరలేదు. అందాకా అక్క వదిన ఇంటి అరుగు మీద పైట సర్దుకోకుండా, తువ్వాలు లేకుండా కూర్చుని దారిన పోయే వాళ్ళందరితో మాట్లాడింది. ఎవరూ ఆవిడని వింతగా చూడలేదు. చూసినా ఆవిడ పట్టించుకోలేదు.

వేసవి చివర్లో నడుము నొప్పి అంది. షాపులో స్టూలు మీద కూర్చోవడం వల్ల అనుకున్నాం. దిండు పెట్టుకుంది. తర్వాత మెట్లు దిగలేకపోయింది.

ఒక మధ్యాహ్నం బావగారు మా కాలేజీ ఆఫీసుకి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. కౌంటరు అవతల ఫీజు కట్టే పిల్లల వెనక నిలబడి ఉన్నారు, తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు. నేను బయటికి వెళ్ళాను.

“ఎముకల్లోకి దిగిందంటమ్మా,” అన్నారు. “ఇంటికి తీసుకెళ్ళమన్నారు.”

కాసేపు అక్కడే నిలబడి, “నేను వెళ్తానమ్మా, ఒక్కతే ఉంది,” అని వెళ్ళిపోయారు.

ఆ ఆఖరి రోజుల గురించి ఎక్కువ రాయలేను. నొప్పికి ఇచ్చే మందులతో అక్క ఎక్కువసేపు మగతగా ఉండేది. ఆ భారీ మనిషి మంచంలో ఒక పక్కకు అతుక్కుపోయింది. నేను రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్ళేదాన్ని. మెలకువ ఉన్నప్పుడు అల్లుకోమనేది. అల్లుతుంటే కళ్ళు మూసుకునే, ఎక్కడ తప్పు పోయిందో చప్పుడుని బట్టి చెప్పగలనని గొప్పలు పోయేది. అది నిజం కాదు, నేను ఒప్పుకునేదాన్ని.

ఒకరోజు మంచం కింద పెట్టె లాగమంది. అందులో ఆవిడ ఎప్పట్నుంచో అల్లుతున్న ఎరుపు స్వెట్టరు ఉంది. మేం ఆదివారం గుట్టల్లో ఏరిన మంచి ఊలుతో మొదలుపెట్టింది. వెనక భాగం, ఒక చెయ్యి అయ్యాయి.

“విప్పెయ్,” అంది.

“నేను పూర్తి చేస్తాలే అక్కా.”

“నీ అల్లిక వదులు. నాది బిగువు. కలవదు. విప్పెయ్.”

“తర్వాత చూద్దాం.”

“తర్వాతంటే ఎప్పుడే? నేను పోయాక మా ఆడబిడ్డ దీంతో గ్రైండరు తుడుచుకుంటది. ఇప్పుడు విప్పు, నా కళ్ళ ముందు.”

నేను కొస పట్టుకుని లాగాను. వరుసలు పటపటమని ఊడి వచ్చాయి. విప్పిన ఊలు ముడతలు ముడతలుగా నా ఒళ్ళో పడుతుంటే అక్క ఒక చేత్తో దాన్ని పట్టుకుని, వేళ్ళ మధ్య నుంచి పోనిస్తూ పడుకుంది. చాలాసేపు పట్టింది. చివరి కుట్టు ఊడిపోయాక, “ఉతికి ఆరేస్తే మామూలైపోద్ది,” అంది. అక్క మంచి స్పృహలో నాతో మాట్లాడిన మాటల్లో అదే ఆఖరిది.

వారంలోపే పోయింది. నేను ఉదయం రైలుకి వెళ్ళేసరికి వసారాలో దింపి ఉంచారు. కోడూరు నుంచి వదిన బయల్దేరింది, ఇంకా రాలేదు. లోపలికి తీసుకెళ్ళి స్నానం చేయించడానికి ఆడపడుచు, ఇంకా ఇద్దరు చుట్టాలు, నేను ఉన్నాం. కొత్త చీర, జాకెట్ పక్కన పెట్టారు. ఆడపడుచుకి దిండు పక్కన అది కనిపించింది. చేతిలోకి తీసుకుంది.

“ఇదేంటి? బొమ్మా?”

నేను చెప్పాను. ఆవిడ చటుక్కున కింద పెట్టేసింది. “కాటికి వెళ్ళేదానికి ఇయ్యన్నీ ఎందుకమ్మా ఇప్పుడు? జాకెట్ తొడిగెయ్యండి, టైమవుతోంది.”

నేను నోరు తెరిచేలోగా తలుపు అవతల నుంచి బావగారి గొంతు వినిపించింది. ఆయన అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నారని మాకు తెలియదు.

“అది పెట్టండి.”

“ఎందుకురా తమ్ముడూ...”

“పెట్టమన్నానా! అది లేకుండా ఆవిడ వీధిలోకి రాదు.”

తర్వాత ఆయన ఏడ్చారు. ముప్పై ఏళ్ళు కలిసి బతికిన మనిషి పోయినప్పుడు ఏడ్చే ఏడుపు అది. దగ్గు కాదు. నేను దాన్ని అక్క గుండెల మీద ఎడమ పక్కన పెట్టి, జాకెట్ హుక్కులు వేశాను. పాడె లేపేటప్పుడు వదిన ఆటో దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధి చివరి దాకా వెనకే నడిచింది.

మర్నాడు అస్థికలు ఏరిన తర్వాత బావగారు నాకు చిన్న గుడ్డ మూట విప్పి చూపించారు. “ఇవి ఎముకల్లో దొరికినయ్యి. ఏంటో అర్థం కాలేదు,” అన్నారు. మట్టి గుళ్ళు. ఇంకా ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. ఏమిటో, ఎక్కడివో చెప్పాను. ఒక్కొక్కటీ వేళ్ళతో తిప్పి చూసి, మళ్ళీ అస్థికల్లోనే కలిపేశారు. అన్నీ కలిపే కృష్ణలో వదిలారట.

షాపు స్థలం అద్దెకిచ్చేశారు. ఇప్పుడక్కడ సెల్ ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఊలు మొత్తం బావగారు నాకూ వదినకీ ఇచ్చేశారు. వదిన కూతురి చదువు అయిపోయాక గుడివాడ రావడం తగ్గిపోయింది. ఫోన్ చేసుకుంటాం. అక్క మాట వస్తే ఇద్దరం ఒకేసారి ఆగిపోతాం, ఎవరు ముందు పెట్టేద్దామా అన్నట్టు. పండక్కి రమ్మంటుంది. నేను ఇంకా వెళ్ళలేదు.

ఆదివారాలు ఖాళీ. పాత బట్టల గుట్టల దగ్గరికి ఒకసారి వెళ్ళి, పోగు పీకి కాల్చబోయి, అగ్గిపెట్టె సంచిలో పెట్టేసుకుని వచ్చేశాను.

కీమో వార్డులో అక్కని చూసిన నర్సు ఒకామె, తర్వాత చెకప్పులో అక్క పెట్టుకున్నది చూసి, నా నంబరు దాచుకుంది. కిందటి చలికాలంలో ఫోన్ చేసింది. ఉయ్యూరు దగ్గర ఒకమ్మాయికి ఎడం పక్క ఆపరేషన్ అయిందనీ, సిలికాన్ ది పడడం లేదనీ, అలాంటిది మళ్ళీ ఒకటి అల్లి పెట్టగలరా అనీ అడిగింది. నేను వెంటనే ఒప్పుకోలేదు. రెండు మూడు రోజులు పెడన స్టేషన్ దాటిపోతూ ఊరుకున్నాను. తర్వాత దిగాను. వదిన అప్పుడు తెచ్చిన గుళ్ళలో మిగిలినవి నా దగ్గరే ఉన్నాయి. ఈసారి రైల్లోనే, అందరి ముందూ కూర్చుని అల్లాను. ఏమిటని ఎవరో అడిగితే ఏమిటో చెప్పాను. అడిగినావిడ కాళ్ళు ముడుచుకుని, నా ఊలు సంచి పెట్టుకోవడానికి పక్కన చోటిచ్చింది.

ఆ అమ్మాయి పామర్రు బస్టాండుకి వచ్చి తీసుకుంటానంది. నేను అనుకున్నదానికన్నా చాలా చిన్నది. చుడీదారు మీద చున్నీ రెండు వైపులా పిన్నులు పెట్టి బిగించుకుని ఉంది. వెంట ఎవరూ లేరు. కాగితం సంచిలోంచి కొద్దిగా బయటికి తీసి, చుట్టూ చూసి, మళ్ళీ లోపలికి తోసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ ఏడవలేదు.

“ముందు మీరు చేసిచ్చినావిడ ఎట్టా ఉన్నారండీ ఇప్పుడు?” అని అడిగింది.

బాగున్నారని చెప్పడం ఎంతో తేలిక. నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల నా మొహం వంకే చూస్తోంది.

“పోయారమ్మా,” అన్నాను. “ఆలస్యంగా చూపించుకున్నారు.”

ఆ అమ్మాయి సంచిని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. విజయవాడ బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నారు. ఆమె కదల్లేదు. కండక్టరు ఉయ్యూరు, ఉయ్యూరు అని అరుస్తున్నాడు.

“నాకు తొందరగానే తెలిసిందన్నారు డాక్టరు గారు,” అంది చివరికి, నన్ను అడుగుతున్నట్టు.

“అయితే మంచిదేగా.”

“దీన్ని ఉతకొచ్చాండీ?”

“వెనక మూత విప్పి, గుళ్ళ సంచీ దూదీ తీసేసి ఉతుక్కో. పిండొద్దు, చేత్తో నొక్కు చాలు. నీడలో ఆరెయ్యి.”

ఆమె ఆ మాటలు పెదవులతో తిరిగి అనుకుని, తల ఊపి, బస్సెక్కింది. ఆడవాళ్ళ సీట్లు నిండిపోయాయి. పై కడ్డీ పట్టుకోవడానికి కుడిచెయ్యి మాత్రమే ఎత్తి నిలబడింది. బస్సు కదిలింది.